అపరాధ పరిశోధన నుంచి ‘అంపశయ్య’ దాకా: థ్రిల్లర్ పాఠకులకు ఒక పఠన పద్ధతి

నేరకథలూ థ్రిల్లర్లూ విరివిగా చదివేవారిలో చాలామందికి ఒక చిత్రమైన ఇబ్బంది ఉంటుంది. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు ఆకలి కూడా తెలియదు. పూర్తయిన పక్షం రోజులకు హంతకుడి పేరు తప్ప మరేమీ గుర్తుండదు, ఒక్కోసారి అదీ గుర్తుండదు. ఈ మధ్య ఏమేం చదివారని ఎవరైనా అడిగితే రెండు పేర్లు చెప్పి, మూడోదాని కథను నాలుగోదానితో కలిపేసి, ‘అన్నీ బాగానే ఉన్నాయి’ అని ముగిస్తారు. ఆ పుస్తకాలు తేలికపాటివి కాబట్టే ఇలా జరుగుతుందని పెద్దలు అంటారు గాని, ఆ మాటతో నేను ఏకీభవించను. ఈ తరహా నవల ఏదో ఒక ప్రశ్న మీద నడుస్తుంది. ఆ ప్రశ్న ఎటువంటిదో గమనించకుండా జవాబు కోసమే పరుగెత్తితే, జవాబు దొరికిన క్షణంలోనే పుస్తకం మొత్తం ఖర్చయిపోతుంది. ప్రశ్నను గుర్తించి చదివేవారికి అదే పుస్తకం మిగులుతుంది. పైగా ఆ అలవాటు, నేరంతో ఏ సంబంధమూ లేని నవలల్లోకి కూడా దారి తీస్తుంది. వరంగల్, హనుమకొండ, కాజీపేట పరిసరాల్లో ఉంటూ గ్రంథాలయం మీదనో, ఫోను మీదనో ఆధారపడి చదివే పాఠకులను దృష్టిలో పెట్టుకొని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

కొత్త పుస్తకం తెరవక ముందు, ఇటీవల చదివినవాటి పేర్లన్నీ జ్ఞాపకం మీదనే ఒక నోటుబుక్కులో రాయండి. ఫోనులోని జాబితాను గాని, కొన్న రశీదులను గాని చూడకండి. పేరు గుర్తుకు రాకపోతే ‘రైలు పెట్టెలో హత్య జరిగేది’ అన్నట్లు రాసుకున్నా సరిపోతుంది. ఆ తరువాత ప్రతి పుస్తకానికి ఎదురుగా, అది మిమ్మల్ని చివరిదాకా లాక్కుపోయిన ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. ఈ పని చేస్తున్నప్పుడు ప్రశ్నలు అంత ఎక్కువ రకాలు లేవని మీకే తెలిసివస్తుంది. ఈ పని ఎవరు చేశారన్నది ఒకటి. చేసినవాడు ఎలా పట్టుబడతాడన్నది ఇంకొకటి. జరగబోయే ఘోరాన్ని గడువులోగా ఆపగలరా అన్నది మరొకటి. మామూలు మనిషి ఇంత పనికి ఎలా ఒడిగట్టగలిగాడన్నది నాలుగోది. మీ జాబితాలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తే, పుస్తకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి కారణం అక్కడే దొరికినట్లు. అప్పుడు తరువాతి పుస్తకాన్ని వేరే ప్రశ్న ఉన్న వరుసలోంచి ఎంచుకోవాలి.

ఎవరు చేశారన్న ప్రశ్నతో నడిచే కథకు దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. 1841లో ఎడ్గర్ అలన్ పో రాసిన పారిస్ హత్యల కథను చాలామంది దీనికి ఆరంభంగా చెప్తారు. 1887లో షెర్లాక్ హోమ్స్ తొలి నవల వచ్చింది; 1920లో అగాథా క్రిస్టీ మొదటి నవల అచ్చయింది. బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ 1932లో బ్యోంకేశ్ బక్షీ అనే పరిశోధకుడిని, సత్యజిత్ రాయ్ 1965లో ఫెలూదా అనే పరిశోధకుడిని పాఠకుల ముందుకు తెచ్చారు. ఈ వరుస తెలిసి ఉండడం వల్ల పాండిత్యం పెరుగుతుందని కాదు గాని, ఈ తరహా రచనలో పాఠకుడికీ రచయితకూ మధ్య ఒక ఒప్పందం క్రమంగా ఏర్పడిందని అర్థమవుతుంది. రోనాల్డ్ నాక్స్ అనే క్రైస్తవ మతాచార్యుడు 1929లో ఆ ఒప్పందాన్ని పది సూత్రాలుగా రాసిపెట్టాడు. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనిపించాలని, పరిశోధకుడికి దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికి వెంటనే చూపించాలని, మానవాతీత శక్తులకు చోటివ్వకూడదని, పరిశోధకుడే నేరస్థుడు కాకూడదని ఆయన నియమం పెట్టాడు. మంచి రచయితలు ఈ సూత్రాలను తరచు ఉల్లంఘించారు. అయినా ఏ సూత్రాన్ని ఉల్లంఘించారో గుర్తుపట్టాలంటే ముందు సూత్రం తెలియాలి.

ఇటువంటి నవలను చదివేటప్పుడు ఆధారాలను ఎక్కడ దాస్తారో కనిపెట్టడమే అసలు పని. పాఠకుడు నిర్లక్ష్యం చేసే చోట్లు కొన్ని ఉంటాయి, రచయితకు అవి బాగా తెలుసు. గదిలోని వస్తువులను వరుసగా చెప్పేటప్పుడు కావలసిన వస్తువును మధ్యలో ఇరికిస్తాడు, ఎందుకంటే పాఠకుడి కన్ను మొదటిదాని మీద, చివరిదాని మీద నిలుస్తుంది. అందరూ విసుక్కునే వాగుడుకాయ పాత్ర చేత అతి ముఖ్యమైన నిజం చెప్పిస్తాడు. పనిమనిషి, పోస్టుమాన్, వాచ్‌మన్ వంటివారిని పాఠకుడు మనుషులుగా లెక్కపెట్టడన్న భరోసాతో వారిని గుమ్మం దగ్గరే నిలబెడతాడు. అన్నిటికంటే తరచుగా కనిపించే ఎత్తు ఏమిటంటే, ఒక ఆధారం చెప్పిన మరుక్షణమే తలుపు దబదబా మోగడమో, ఎవరో కేక వేయడమో జరుగుతుంది. ఆ గోలలో ముందు వాక్యం మరుగున పడుతుంది. కాబట్టి హఠాత్తుగా గందరగోళం రేగిన ప్రతిచోటా వెనక్కి వెళ్లి, దానికి ముందున్న నాలుగైదు వాక్యాలను మళ్లీ చదవండి.

పుస్తకంలో ముప్పాతిక భాగం పూర్తి కాగానే ఆపాలి. ఇది కష్టమైన సలహా అని నాకు తెలుసు. ఆపి, మీ అనుమానం ఎవరి మీదో, ఏ ఆధారం చేత అనుమానిస్తున్నారో తేదీతో సహా రాసుకోవాలి. ‘ఎందుకో అతని మీదే అనుమానం’ అని రాస్తే అది చెల్లదు. ఫలానా పేజీలో ఫలానా మాట అన్నాడు కాబట్టి అని రాయాలి. మీ ఊహ సరిపోయిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. తప్పినప్పుడు రచయిత మిమ్మల్ని న్యాయంగా తప్పుదారి పట్టించాడా, లేక చివరి అధ్యాయంలో అప్పటిదాకా లేని మేనమామనో, కవల సోదరుడినో దించి మోసగించాడా అన్నది తేల్చుకోవడానికి ఆ కాగితమే సాక్ష్యం. ‘ముగింపు నచ్చలేదు’ అని ఊరికే అనే పాఠకుడికీ, ఎందుకు నచ్చలేదో చూపించగల పాఠకుడికీ తేడా ఈ ఒక్క పుటలో ఉంది.

నేరస్థుడెవరో మొదట్లోనే చెప్పేసే నవలలు వేరు. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో అచ్చయిన తన కథల సంపుటిలో, నేరం ఎలా జరిగిందో ముందు చూపించి, అది ఎలా బయటపడిందో తరువాత చూపించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. జపాన్ రచయిత కీగో హిగాషినో 2005లో ప్రచురించిన ‘ద డివోషన్ ఆఫ్ సస్పెక్ట్ ఎక్స్’ ఈ పద్ధతికి ఇటీవలి కాలంలో బాగా పేరొచ్చిన ఉదాహరణ. ఇక్కడ పాఠకుడు ‘నాకు అన్నీ తెలుసు’ అన్న ధీమాతో చదువుతాడు. ఆ ధీమానే రచయిత వాడుకుంటాడు. కనుక ఇటువంటి పుస్తకం చదివేటప్పుడు నోటుబుక్కులో మీకు తెలిసినవి కాక, తెలియనివి రాయండి. ఏ రోజు జరిగింది, ఆ రాత్రి మిగిలిన గంటల్లో ఎవరు ఎక్కడున్నారు, ఏ సంగతి మనకు కళ్లారా చూపించారు, ఏది పాత్రల నోట మాత్రమే విన్నాం అని వేరుచేసుకుంటే సగం దారి కనిపిస్తుంది.

గడువు మీద నడిచే థ్రిల్లర్‌లో దాచడానికి అంతగా ఏమీ ఉండదు. ఫ్రెడరిక్ ఫోర్సైత్ ‘ద డే ఆఫ్ ద జాకాల్’ 1971లో వచ్చింది. ఫ్రాన్స్ అధ్యక్షుడు చార్లెస్ డి గాల్‌ను చంపడానికి కిరాయి హంతకుడిని నియమించడం అందులోని కథ. డి గాల్ అంతకు ముందటి సంవత్సరమే, 1970 నవంబరులో, తన ఇంట్లో సహజంగా మరణించాడు. అంటే హత్య జరగదని మొదటి పేజీ తెరిచేసరికే ప్రతి పాఠకుడికీ తెలుసు. అయినా పుస్తకం కింద పెట్టలేకపోయారంటే, ఉత్కంఠ అనేది ఫలితంలో లేదని, పనిలో ఉందని తేలుతుంది. నకిలీ పాస్‌పోర్టు ఎలా సంపాదించాలి, తుపాకిని ఎవరి చేత చేయించాలి, కేవలం ఒక మారుపేరు మాత్రమే చేతిలో ఉన్న పోలీసు అధికారి ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టాలి అన్న వివరాలు ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉంటే పాఠకుడు ఇద్దరి పక్షానా ఆలోచిస్తాడు. థ్రిల్లర్ చదివేటప్పుడు ప్రతి అధ్యాయం చివర రెండు సంగతులు చూడండి. ఈ క్షణాన నాయకుడికి ఎక్కువ తెలుసా, మనకు ఎక్కువ తెలుసా అన్నది మొదటిది. అధ్యాయాన్ని ఎక్కడ తెంచారు, ఆ తెగిన దారాన్ని ఎన్ని పేజీల తరువాత అందుకున్నారు అన్నది రెండోది. ఊరికే ప్రతి అధ్యాయాన్నీ కొండ అంచున వదిలేసే నవలలు మూడు వందల పేజీలయ్యేసరికి విసిగిస్తాయి. తెంచవలసిన చోట మాత్రమే తెంచే రచయితను ఈ లెక్క వెంటనే పట్టిస్తుంది.

నాలుగో ప్రశ్న, మనిషి ఇంత పని ఎలా చేయగలిగాడన్నది, నేరకథకూ పెద్ద సాహిత్యానికీ ఉమ్మడి సరిహద్దు. 1866లో వచ్చిన దోస్తోయెవ్‌స్కీ ‘నేరము–శిక్ష’లో హత్య చేసిందెవరో దాచలేదు, పరిశోధకుడు కూడా ఉన్నాడు. 1955లో పాట్రీషియా హైస్మిత్ రాసిన రిప్లీ నవలలో పాఠకుడు నేరస్థుడు దొరికిపోకూడదని కోరుకుంటూ, అలా కోరుకుంటున్నందుకు తనలో తనే ఇబ్బంది పడతాడు. ఆ ఇబ్బంది కలిగిన పేజీ సంఖ్యను రాసుకోండి, అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇక తెలుగు సంగతి. మనకు అపరాధ పరిశోధక నవల కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు, మధుబాబు సృష్టించిన గూఢచారి షాడో, అద్దె పుస్తకాల దుకాణాలు నడిచిన రోజుల్లో ఇంటింటి మనుషులు. వీటిని ఇప్పుడు చదివేవారు వాటి వయసును లెక్కలోకి తీసుకోవాలి. ట్రంకు కాల్ కోసం గంటల తరబడి కాచుకునే కాలంలో రాసిన కథలో సెల్ ఫోను లేకపోవడం వల్లే సగం ఉత్కంఠ పుడుతుంది. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వంటివి వారం వారం ఎదురుచూసిన పాఠకుల కోసం కట్టినవి. పుస్తకంగా ఒకే బిగిన చదివితే కొన్ని పేజీలకొకసారి ఒక కుదుపు రావడం, గడిచిన సంగతిని మళ్లీ గుర్తు చేయడం కృత్రిమంగా అనిపిస్తాయి. అవి లోపాలు కావు, వారం వారం వేసిన అతుకులు. అతుకు ఎక్కడుందో గుర్తుపట్టి, అక్కడ ఆ పూటకు పుస్తకం మూసేయండి, మరునాడు తెరవండి. ఆ రచన ఏ వేగంతో చదవడానికి తయారైందో అప్పుడు తెలుస్తుంది. పైన చెప్పిన నాక్స్ సూత్రాల ప్రకారం ‘తులసిదళం’ వంటి నవలకు ప్రవేశమే లేదు. చేతబడా, జబ్బా అన్న సందేహాన్ని చివరిదాకా నిలపడమే అక్కడ రచయిత పెట్టుకున్న పని. అందువల్ల దాన్ని హత్య నవల కొలతలతో కొలవడం అన్యాయం.

నేరకథల పాఠకుడికి చట్టం గురించి కొంచెమైనా తెలిసి ఉంటే చదవడంలో రుచి రెట్టింపవుతుంది. మన జిల్లా ఎడిషన్లలో ‘మృతదేహాన్ని పోస్టుమార్టం నిమిత్తం ఎంజీఎం మార్చురీకి తరలించారు’ అన్న తరహా వాక్యం చూడని పాఠకుడు ఉండడు (ఎంజీఎం అంటే వరంగల్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి). ఆ వాక్యం వెనుక ఎఫ్ఐఆర్, పంచుల, అంటే స్థానిక సాక్షుల, సమక్షంలో శవ పంచనామా, వాంగ్మూలాలు, రిమాండు, ఛార్జిషీటు అనే వరుస ఉంది. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది కాబట్టి, హత్యకు శిక్ష చెప్పే 302వ సెక్షను ఇప్పుడు 103 అయింది. పాత నేర విచారణ స్మృతిలో ఎఫ్ఐఆర్‌కు సంబంధించిన 154వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173గా మారింది. పాత నవలలో ఇన్‌స్పెక్టరు ‘త్రీ నాట్ టూ’ అంటే అది తప్పు కాదు. నేటి కథలో అదే అంటే మాత్రం రచయిత చూసుకోలేదని అర్థం.

అంతకంటే ఆసక్తికరమైనది ఒప్పుకోలు సంగతి. చివరి అధ్యాయంలో అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టి, పరిశోధకుడు ఒక్కొక్కరి గుట్టు విప్పుతూ వస్తే, హంతకుడు తట్టుకోలేక ‘అవును, నేనే చంపాను’ అని అరవడం ఎన్ని నవలల్లో చదివి ఉంటామో. మన చట్టం ప్రకారం పోలీసు అధికారి ఎదుట చేసిన ఒప్పుకోలును నిందితుడి మీద రుజువుగా వాడడానికి వీలు లేదు. పోలీసు కస్టడీలో ఉన్నవాడు ఎవరితో ఒప్పుకున్నా, మెజిస్ట్రేటు సమక్షంలో అయితే తప్ప చెల్లదు. ఆ మాటల వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకు మాత్రమే ఆ భాగం పనికొస్తుంది. కాబట్టి నవల పూర్తి కాగానే, ‘ఈ కేసు కోర్టులో నిలుస్తుందా?’ అని ఒకసారి ప్రశ్నించుకోండి. ఒప్పుకోలును పక్కన పెడితే ఇంకేం మిగిలిందో చూస్తే, రచయిత నిజంగా ఎంత పరిశోధన రాశాడో తెలుస్తుంది. అమెరికా కోర్టు నవలల్లో కనిపించే పన్నెండు మంది జ్యూరీ మన విచారణలో లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అక్కడి న్యాయవాది వాదన ఆ పన్నెండు మంది మనసు కరిగించడానికి, ఇక్కడి వాదన న్యాయమూర్తి రికార్డుకెక్కడానికి.

వాతావరణం కూడా సాక్షే. ఇంగ్లండు నవలల్లో డాక్టరు శవాన్ని తాకి, ఎంత చల్లబడిందో చూసి చనిపోయిన సమయం చెప్తాడు. శరీరం చుట్టూ ఉన్న గాలి శరీరం కంటే చల్లగా ఉంటేనే ఆ లెక్క కుదురుతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే వరంగల్‌లో, పైకప్పు వేడెక్కిన గదిలో పడి ఉన్న శవం చల్లబడదు సరికదా, కుళ్లడం త్వరగా మొదలవుతుంది. శవం బిగుసుకోవడం, తిరిగి వదులు కావడం కూడా వేడి ప్రదేశాల్లో తొందరగా జరుగుతాయి. ఎండాకాలపు తెలంగాణలో జరిగే కథలో రచయిత చలిదేశపు గడియారాన్ని వాడితే పట్టుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇంతవరకు చెప్పిన అలవాట్లు పట్టుబడ్డాక వాటిని నేరకథల బయటికి తీసుకుపోవాలి. రెండు థ్రిల్లర్ల తరువాత ఒక వేరే నవల అన్నది సుమారుగా పాటించదగిన వరుస. కచ్చితమైన లెక్క పెట్టుకుంటే అది హోంవర్కు అవుతుంది. ఏ పుస్తకం అన్నది మాత్రం చేతికందింది తీసుకోకుండా, అప్పుడే ముగించిన దానితో ఏదో ఒక ప్రశ్న కలిసేటట్లు చూసుకోండి.

గడువు మీద నడిచే థ్రిల్లర్ పూర్తి చేశారనుకోండి. దాని వెంట ‘అంపశయ్య’ చదవండి. ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాలలో పుట్టిన నవీన్ 1969లో ప్రచురించిన ఈ నవల, ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టలులో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒక్క రోజును చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే మనసులో ఆలోచనలు వచ్చినవి వచ్చినట్లుగా, చెప్తుంది. ఇందులో ఎవరూ ఎవరినీ తరమరు. థ్రిల్లర్‌లో కాలానికి ఒక గడువు ఉంటుంది, ఇక్కడా ఉన్నది ఒక్క రోజే. అక్కడ ప్రతి నిమిషం బయట జరిగే పనితో నిండుతుంది, ఇక్కడ డబ్బు లేని ఒక కుర్రవాడి తలలోని భయాలతో, జ్ఞాపకాలతో నిండుతుంది. రవికి తెలిసిన దానికీ, రవి తనకు తానే చెప్పుకోని దానికీ మధ్య ఉన్న ఖాళీని థ్రిల్లర్ అధ్యాయాలు చూసిన కన్నుతోనే చూడండి. మొదటి యాభై పేజీలు నెమ్మదిగా సాగుతాయని భయపడేవారు, అంత సేపూ బయట ఏ పని జరగలేదన్న సంగతిని గమనిస్తూ చదివితే ఆ నెమ్మదే పట్టి లాగుతుంది.

పరిశోధకుడు కొత్త ఊరికి వచ్చి అక్కడి గుట్టు విప్పే నవల చదివాక, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ అందుకోవడం మంచిది. నేటి మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో పుట్టిన రచయిత, నిజాం కాలపు తెలంగాణ పల్లెలో దొరల, కరణాల పెత్తనాన్ని అందులో చిత్రించాడు. బతుకుదెరువు కోసం బయటి నుంచి ఊళ్లోకి వచ్చిన ఒక సంగీతకారుడి కళ్లకు ఆ ఊరు ఎలా కనిపించిందన్నది కథలో పెద్ద భాగం. అతడు డిటెక్టివ్ కాడు. అయినా బయటివాడు కావడం వల్ల ఊరివాళ్లకు అలవాటై కనిపించకుండా పోయినవి అతనికి కనిపిస్తాయి. నేరం చేసిందెవరో ఊరందరికీ తెలిసి, అడిగేవాడు మాత్రం లేని చోట కథను ఏది నడిపిస్తుందో చూడండి. నేరకథ అలవాటైన పాఠకుడికి ఇది నిజంగా కొత్త అనుభవం. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు ఇంకా ముందుకు తీసుకుపోతాయి, ఎందుకంటే చాలా నవలలు అరెస్టు దగ్గర ముగిస్తే, రాజకీయ ఖైదీగా జైలు జీవితం గడిపిన ఆ రచయిత అరెస్టు తరువాత మొదలుపెట్టాడు.

ఫలితం ముందే తెలిసిన కథ ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు అడవి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ జవాబు. రుద్రమదేవి సింహాసనం నిలబెట్టుకుందని ఓరుగల్లులో చిన్న పిల్లలకు కూడా తెలుసు. అయినా గజదొంగగా పేరుపడ్డ గన్నారెడ్డి ఎవరి పక్షమన్న సందేహంతో నవల సాగుతుంది. డి గాల్ కథకు వాడిన కొలతనే దీనికీ వాడవచ్చు. చదివాక ఖిలా వరంగల్ మట్టికోట, రాతికోటల మధ్య ఒక ఉదయం నడిస్తే, నవలలోని దూరాలు నిజంగా అంత దూరాలేనా అన్నది కూడా తెలుస్తుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయన్నది అందరూ అడిగేదే. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం కోసం గ్రంథాలయం పెట్టడమే ఒక ఉద్యమంగా ఉన్న రోజుల్లో, 1904లో, హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. ఆ చరిత్ర ఉన్న ఊళ్లో పుస్తకాలు దొరకవని పీడీఎఫ్ ముక్కల కోసం వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం నాకు నచ్చని పని; రచయితకు రూపాయి రాదు, పేజీలు కూడా సగం ఉండవు. ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం గనుక జిల్లా గ్రంథాలయంలో సభ్యులు కావడం మన సొమ్మును మనం వాడుకోవడమే. పాత డిటెక్టివ్ నవల తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గరే చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి, చదవకుండా చూసుకోవడం నేర్చుకోండి. మొదటి పేజీల మార్జిన్లలో కూడా కన్ను పెట్టకండి. హంతకుడి పేరును పెన్సిలుతో రాసి పోయే మహానుభావులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అచ్చులో లేనివాటి కోసం హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్‌లు, కోఠి దుకాణాలు, ఏటా జరిగే పుస్తక ప్రదర్శన చూడవచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాదు దాకా రెండు, రెండున్నర గంటల రైలు ప్రయాణానికి బ్యోంకేశ్ వంటి పరిశోధకుల పొడవైన కథ ఒకటి సరిగ్గా సరిపోతుంది. నవలను మాత్రం జనగామ దగ్గర ఆపవలసి వస్తుంది.

చదివినదాని గురించి ఇతరులకు రాయాలన్నా, చెప్పాలన్నా కథాంశం చెప్పడం మొదలుపెట్టకండి. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇవ్వడం వల్ల కూడా వినేవారికి ఏమీ తెలియదు. పుస్తకం ఏ ప్రశ్న వేసిందో చెప్పండి, ఆ ప్రశ్న ఎంతవరకు బిగువుగా నిలిచిందో, ఎక్కడ సడలిందో చెప్పండి, ఎటువంటి పాఠకుడికి సరిపోతుందో చెప్పండి. ఉదాహరణకు జాకాల్ గురించి ఇలా రాయవచ్చు: ‘హత్య జరగదని తెలిసినా వదలనివ్వని నవల. పోలీసుల పక్షం అందుకునే దాకా తయారీ వివరాలు ఓపిగ్గా చదవాలి. పనితనం మీద ఇష్టం ఉన్నవారికి అదే బలం, పాత్రల మనసు వెతికేవారికి పొడిగా అనిపిస్తుంది.’ ఇందులో ఏ గుట్టూ బయటపడలేదు, అయినా చదవాలో వద్దో తేల్చుకోవచ్చు. మలుపు ఉందని చెప్పడం కూడా గుట్టు విప్పడమేనని నా అభిప్రాయం. ‘చివర్లో ఊహించని ట్విస్టు’ అని విన్న పాఠకుడు మొదటి పేజీ నుంచి దాని కోసమే వెతుకుతాడు.

నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేయడానికి సంకోచించనక్కర్లేదు, కాని వదిలిన పేజీ సంఖ్యను, కారణాన్ని రాసిపెట్టండి. అవి కొన్ని పోగయ్యాక మీకు ఏది సరిపడదో తెలుస్తుంది. రక్తపాతం ఎక్కువైనందుకు వదిలారా, ఆడవాళ్ల శవాలను అలంకారంగా వాడినందుకు వదిలారా, లేక పని ఒత్తిడిలో ఉండి వదిలారా అన్నది వేరువేరు సంగతులు. మూడోదానికి పుస్తకాన్ని తప్పుపట్టకూడదు.

చివరిగా, హంతకుడి పేరు బాగా గుర్తున్న ఒక నవలను అప్పుడప్పుడు మళ్లీ చదవండి. ఈసారి కథ కోసం తొందర ఉండదు కాబట్టి ముందుగా చూడవలసింది హంతకుడు మొదటిసారి కనిపించే పేజీ. ఆ పేజీలో అతనితో పాటు ఇంకెవరు ఉన్నారో, రచయిత ఎవరిని వర్ణించడానికి ఎక్కువ వాక్యాలు ఖర్చు పెట్టాడో, హంతకుడి మాటల్లో అబద్ధం లేకుండానే నిజం ఎలా తప్పించాడో చూసి, మొదటిసారి ముప్పాతిక దగ్గర మీరు రాసుకున్న ఊహ పక్కనే ఆ పేజీ సంఖ్యను రాయండి.